ఒకే కాగితం మీద 24 దుకాణాలు: చిన్న పట్టణపు ప్రధాన వీధికి 12 వారాల ఉమ్మడి ప్రచారం

చిన్న పట్టణంలో దుకాణం నడిపేవాళ్లలో ప్రకటన దండగ అనేవాళ్లే ఎక్కువ. ఆ మాట ఊరికే పుట్టింది కాదు. ఎవరికి వారు విడిగా వెళ్లి పత్రికలో ఒకసారి ప్రకటన వేస్తారు. వారం ఎదురుచూస్తారు. "మీ ప్రకటన చూసి వచ్చాం" అని ఒక్కరూ అనరు. ఇక ఆ ఏడాదంతా ప్రచారం ఊసెత్తరు. లోపం ప్రకటనలో లేదు. విడిగా కొన్నందువల్ల ధర ఎక్కువ పడింది, ఒక్కసారితో ఆపినందువల్ల ఎవరి మనసులోనూ నిలవలేదు, లెక్క పెట్టనందువల్ల వచ్చిన కాస్త గిరాకీ కూడా కంటికి కనబడలేదు.

ఈ మూడు లోపాలనూ ఒకేసారి సరిచేసే పద్ధతి ఇది: వీధిలోని దుకాణాలు కలిసి ఒకే కాగితం మీద ప్రకటనలు వేసి, దాన్ని 12 వారాల్లో మూడు సంచికలుగా ఇంటింటికీ పంచి, వచ్చిన గిరాకీని లెక్కపెట్టడం. ఇందులోని వీధి ఒక నమూనా. 10,000 జనాభా ఉన్న పట్టణం, 32 దుకాణాల ప్రధాన వీధి, 40 కిలోమీటర్ల దూరంలో 90,000 జనాభా ఉన్న నగరం. మొదటి విడతలో 24 దుకాణాలు చేరాయని అనుకుందాం. డబ్బును యూనిట్లలో లెక్కిస్తున్నాం కాబట్టి ఎవరి అంకెలు వారు పెట్టుకుని చూసుకోవచ్చు.

ఎంత దూరం వరకు?

ప్రచారం మొదలెట్టే ముందు గీయాల్సిన మొదటి గీత ఇది. 1931లో విలియమ్ రైలీ రిటైల్ గురుత్వాకర్షణ సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఊరు ఎంత పెద్దదైతే చుట్టుపక్కల కొనుగోలుదారులను అంతగా లాగుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. 1949లో పాల్ కన్వర్స్ దీన్ని సరిహద్దు దూరం చెప్పే రూపంలోకి మార్చాడు. పెద్ద ఊరి జనాభాను చిన్న ఊరి జనాభాతో భాగించాలి. వచ్చినదానికి వర్గమూలం తీసి ఒకటి కలపాలి. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని ఆ సంఖ్యతో భాగించాలి. మన నమూనాలో 90,000ను 10,000తో భాగిస్తే 9, వర్గమూలం 3, ఒకటి కలిపితే 4. 40 కిలోమీటర్లను 4తో భాగిస్తే 10. అంటే చిన్న పట్టణం నుంచి నగరం వైపు 10 కిలోమీటర్లు దాటాక జనం నగరం వైపే మొగ్గుతారు. రోడ్డు బాగోకపోయినా, మధ్యలో నది అడ్డొచ్చినా ఈ గీత జరుగుతుంది. రోజువారీ సరుకులకు ఇంకా దగ్గరకు వస్తుంది. అంచనాగా మాత్రం బాగా పనికొస్తుంది. గీతకు అవతల పంచే ప్రతి కాగితం నగరంలోని దుకాణాలతో వాటి సొంత గడ్డ మీద తలపడటానికి పెట్టిన ఖర్చే.

మొదటి 12 వారాలకు 10 కిలోమీటర్లు కూడా ఎక్కువే. పట్టణం చాలు. ఇంటికి నలుగురు చొప్పున 10,000 మంది అంటే 2,500 ఇళ్లు. 7,500 కాగితాలకు డబ్బుంటే వాటిని 7,500 ఇళ్లకు ఒకసారి పంచడమా, 2,500 ఇళ్లకు మూడుసార్లు పంచడమా అన్న వాదన ప్రతి సమావేశంలోనూ వస్తుంది. రెండోదే సరైనది. మనిషికి చెప్పులు తెగిన వారం, తాళం పాడైన వారం మన చేతిలో లేవు. ఆ వారం వచ్చేసరికి కాగితం ఇంట్లో ఉండాలి, దుకాణం పేరు అప్పటికే పరిచయమై ఉండాలి.

కాగితం

ఏ3 సైజు కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు ఏ4 పేజీలవుతాయి. మందం 100 నుంచి 130 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) సరిపోతుంది. 170 దాటితే మడత దగ్గర సిరా పగులుతుంది, ముందుగా గాడి వేయించాలి, దానికి మళ్లీ ఖర్చు. మొదటి పేజీలో వీధి పేరు, పటం, ఆ నెల విశేషాలు. లోపలి రెండు పేజీల్లో ప్రకటనలు. పేజీకి మూడు నిలువు వరుసలు, నాలుగు అడ్డ వరుసలు. అంచుల్లో 10, గళ్ల మధ్య 4 మిల్లీమీటర్లు వదిలితే ఒక్కో గడి సుమారు 60 మిల్లీమీటర్ల వెడల్పు, 66 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. పేజీకి 12 చొప్పున మొత్తం 24 గళ్లు.

నాలుగో పేజీలో కత్తిరించుకునే కూపన్లు వేయాలని అందరికీ అనిపిస్తుంది. వేయకూడదు. నాలుగో పేజీ వెనకే మూడో పేజీ ఉంటుంది. కూపన్ కత్తిరించిన ప్రతిసారీ వెనకవైపున్న మరో దుకాణం ప్రకటన తెగిపోతుంది. పైగా కత్తిరించిన కాగితాన్ని ఎవరూ దాచుకోరు. దానికి బదులు ప్రతి గడిలో రెండక్షరాల కోడ్ వేయండి. కొనుగోలుదారు కాగితం చూపిస్తాడు, గల్లా దగ్గర ఉన్నవారు ఆ గడి మీద పెన్నుతో టిక్కు పెడతారు. రెండోసారి వాడకుండా ఆ టిక్కే అడ్డుకుంటుంది. కాగితం ముక్కలవ్వదు. నాలుగో పేజీని వీధిలోని దుకాణాలన్నిటి ఫోన్ నంబర్లు, తెరిచే వేళలు, సెలవు రోజుల పట్టికకు ఇవ్వండి. చేరని 8 దుకాణాల పేర్లు కూడా అందులో ఉండాలి. జనం కాగితాన్ని తలుపు వెనక అంటించుకునేది ఆ పట్టిక కోసమే. అందులో లోటుంటే అంటించుకోరు.

గళ్లన్నీ ఒకే సైజు. పెద్ద దుకాణదారు రెండు గళ్లు కొంటానంటాడు, డబ్బు అవసరం కాబట్టి ఇవ్వాలనీ అనిపిస్తుంది. ఇచ్చిన రోజున చిన్న దుకాణాలకు అది ఆయన కాగితమైపోతుంది, రెండో విడతకు వాళ్లు రారు. గళ్ల స్థానాలు మాత్రం ప్రతి సంచికకూ 8 గళ్ల చొప్పున జరగాలి. మూడు సంచికలు పూర్తయ్యేసరికి ప్రతి దుకాణం మూడు వేర్వేరు అడ్డ వరుసల్లో కనిపిస్తుంది. ఒకే వ్యాపారం చేసే రెండు దుకాణాలు పక్కపక్కన పడకుండా చూడాలి.

గడిలో ఏం రాయాలి

ఆ సైజు గడిలో 25 పదాలు దాటితే ఎవరూ చదవరు. ఒక వస్తువు లేదా ఒక సేవ, అది ఎందుకు ఇక్కడే కొనాలో ఒక కారణం, ఫోన్ నంబరు, కోడ్. "అన్ని రకాల వస్తువులు సరసమైన ధరలకు లభించును" అన్న వాక్యాన్ని ఎవరు రాసిచ్చినా తిప్పి పంపాలి. అది ఏ దుకాణానికైనా అతుకుతుంది కాబట్టి ఏ దుకాణాన్నీ గుర్తుచేయదు. "తాళంచెవి పోయిందా? పది నిమిషాల్లో కొత్తది, ఆదివారం కూడా" అంటే పని కనిపిస్తుంది. చాలామంది దుకాణదారులకు తమ గొప్ప తమకు తెలియదు. ఎదురుగా కూర్చుని, "నిన్న వచ్చినవాళ్లు ఏం అడిగారు?" అంటే దొరుకుతుంది. ప్రకటన రాసేవాళ్లు దుకాణానికి 20 నిమిషాల చొప్పున ఈ పనికే కేటాయించాలి. మొత్తం 8 గంటలు. ప్రచారానికి పెట్టే సమయంలో ఇంతకన్నా విలువైనది లేదు.

అచ్చు వైపు చూస్తే ఫొటో 60 మిల్లీమీటర్ల వెడల్పుకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) లెక్కన కనీసం 710 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనాలి. కాగితం అంచు దాకా రంగు వేస్తే చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి, లేకపోతే కత్తెర దగ్గర తెల్లగీత పడుతుంది. చిన్న అక్షరాలను నాలుగు రంగులు కలిపిన నలుపులో కాకుండా ఒట్టి నలుపులో వేయించాలి. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా నాలుగు రంగుల అక్షరం మసకబారుతుంది. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీని ఇంగ్లీషు కొలతలకు వదిలేస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలోకి దిగుతుంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసే చోట, మార్చినప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి. అందుకే ప్రూఫ్‌ను తెర మీద కాకుండా అచ్చు తీసి దుకాణదారు చేతికే ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఫోన్ నంబరును మాత్రం చదివి సరిపెట్టకూడదు. ప్రూఫ్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి చూడాలి.

గడువులు ఇలా వెనక్కి లెక్కపెట్టాలి: పంచే రోజుకు 21 రోజుల ముందు ప్రకటన విషయం చేతికి రావాలి, 14 రోజుల ముందు ప్రూఫ్, 10 రోజుల ముందు ప్రెస్‌కు, 4 రోజుల ముందు కట్టలు చేతికి. 24 మందిలో ఎవరో ఒకరు ఆలస్యం చేస్తారు. ఆ ఒక్కరి కోసం ఆగితే 23 మందికి నష్టం. గడువు దాటితే కిందటి సంచికలోని ప్రకటనే మళ్లీ పడుతుందని, మొదటి సంచికైతే పేరు, నంబరు మాత్రమే పడతాయని చేరేటప్పుడే రాయించుకోవాలి.

పంచడం

తపాలా శాఖ చిరునామా అవసరం లేకుండా వీధి మొత్తానికి పంచే సేవ ఇస్తే అదే మేలు. అమెరికా తపాలా శాఖ 2011లో మొదలెట్టిన 'ఎవ్రీ డోర్ డైరెక్ట్ మెయిల్' అలాంటిదే. పోస్ట్‌మ్యాన్ తిరిగే దారిని ఎంచుకుంటే చాలు, ఆ దారిలోని ప్రతి ఇంటికీ కాగితం చేరుతుంది. రిటైల్ పద్ధతిలో కనీసం 200 కాగితాలుండాలి. అలాంటి సేవ లేనిచోట దినపత్రిక మధ్యలో పెట్టించవచ్చు. కానీ పత్రిక తెప్పించుకోని ఇళ్లు తప్పిపోతాయి. మూడో దారి మనుషులను పెట్టి పంచడం. ఇందులో కట్టలు కట్టలుగా పారేయడం జరుగుతుంది. పంచిన సాయంత్రమే 20 ఇళ్లకు వెళ్లి అడగాలి. 20లో 16 కన్నా తక్కువ ఇళ్లలో కాగితం కనిపిస్తే మిగతా చెల్లింపు ఆపే షరతు ముందే మాట్లాడుకోవాలి.

ఇళ్లకు కాక సంచికకు 300 అదనంగా అచ్చు వేయించి దుకాణాల్లో ఉంచండి. ఇది అన్నిటికన్నా చవకైన పంపకం. 24 దుకాణాల్లో ఒక్కోదాంట్లో రోజుకు 40 బిల్లులైతే రోజుకు 960 మంది దాకా ఇప్పటికే ఆ వీధిలో డబ్బు ఖర్చు పెట్టడానికి వచ్చినవాళ్లు. మందులు కొన్న మనిషికి పక్కనున్న కళ్లద్దాల దుకాణం గురించి చెప్పడానికి దూరం ఇరవై అడుగులే. బిల్లు వెనక పక్క దుకాణం ప్రకటన అచ్చు వేసుకున్నా మంచిదే.

లాభం లెక్క

ఒక్కో దుకాణం వాటా మూడు సంచికలకూ కలిపి 600 యూనిట్లు అనుకుందాం. సగటు బిల్లు 100 యూనిట్లు, అందులో సరుకు ఖర్చు పోగా మిగిలేది 30. 600ను 30తో భాగిస్తే 20. పన్నెండు వారాల్లో 20 అదనపు బిల్లులు వస్తే వాటా తిరిగొచ్చినట్టే. ఇప్పుడు ప్రకటనలో 10 శాతం తగ్గింపు ఇచ్చారనుకోండి. బిల్లుకు మిగిలేది 20కి పడిపోతుంది, కావాల్సిన బిల్లులు 30 అవుతాయి. 20 శాతం తగ్గిస్తే మిగిలేది 10, కావాల్సినవి 60. తగ్గింపు రెట్టింపయితే పని కూడా రెట్టింపయింది. ఎలాగూ వచ్చే పాత ఖాతాదారులు కూడా ఆ తగ్గింపు అడుగుతారు, ఆ నష్టం ఈ లెక్కలో ఇంకా చేరలేదు.

అందుకే తగ్గింపు కన్నా దుకాణానికి తక్కువ ఖర్చయ్యేదీ, కొనేవాళ్లకు ఎక్కువ విలువైనదీ ఇవ్వాలి. ఉచితంగా కొలతలు తీయడం, ఇంటికి చేర్చడం, ఒకరోజు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచడం, రెండో జత కొంటే చిన్న వస్తువు. బల్లలు, బీరువాలు అమ్మే చోట సగటు బిల్లు 2,000, మిగిలేది 500 అయితే రెండు బిల్లులతోనే వాటా దాటుతుంది. ఒకే కాగితంలో ఉన్నా ఇద్దరికీ గెలుపు గీతలు వేరు. ప్రతి దుకాణం తన గీతను చేరే రోజే కాగితం మీద రాసుకోవాలి. ఆ అంకె లేకుండా పన్నెండో వారంలో జరిగే చర్చంతా అభిప్రాయాలే.

గల్లా దగ్గర ఒక పట్టిక ఉంచాలి. తేదీ, కోడ్ చూపిందా లేదా, ఇంతకుముందు వచ్చారా, బిల్లు మొత్తం. నాలుగే గళ్లు. ఐదోది పెడితే మూడో రోజుకల్లా రాయడం మానేస్తారు. "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకు జనం జ్ఞాపకం మీద జవాబిస్తారు, ఆ జ్ఞాపకం తరచుగా తప్పు. కోడ్ మీదే ఆధారపడాలి. కానీ కోడ్ కూడా తక్కువే చూపిస్తుంది, కాగితం ఇంట్లో మరిచి వచ్చినవాళ్లు అందులో రారు. కాబట్టి ప్రచారానికి ముందు నాలుగు వారాలు, వీలైతే కిందటేడు అవే వారాలు, రోజుకు ఎన్ని బిల్లులు అయ్యాయో తీసి పక్కన పెట్టుకోవాలి. చేరని 8 దుకాణాల్లో రెండు మూడు తమ బిల్లుల సంఖ్య చెప్పడానికి ఒప్పుకుంటే ఇంకా మంచిది. వాళ్లకూ అంతే పెరిగితే అది పండగ గిరాకీయో వాతావరణమో తప్ప కాగితం ఘనత కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా చెడగొట్టేది ప్రకటన గురించి గల్లాలో ఉన్న కుర్రాడికి తెలియకపోవడం. కాగితం చూపిన మనిషికి "మాకు తెలియదండీ, యజమాని లేరు" అని జవాబొస్తే ఆ ఒక్కరే కాదు, ఆ ఇంటివాళ్లు మిగతా 23 గళ్లను కూడా నమ్మరు. పంచే రోజు ఉదయం ఎవరో ఒకరు ప్రతి దుకాణంలోకి మామూలు కొనుగోలుదారులా వెళ్లి కాగితం చూపించి రావాలి.

బోర్డులు, క్యూఆర్ కోడ్

బోర్డు మీద అక్షరం ఎత్తుకు పాత కొలత ఇప్పటికీ సరైనదే: పది అడుగుల దూరానికి ఒక అంగుళం. 30 మీటర్ల దూరం నుంచి చదవాలంటే అక్షరం 25 సెంటీమీటర్లు ఉండాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు 11 మీటర్లు పోతుంది. 60 మీటర్ల దూరంలో బోర్డు కనిపించినా చదవడానికి దొరికేది ఐదున్నర సెకన్లే. కాబట్టి ఏడు పదాలు మించకూడదు. నడకదారిలో పెట్టే మడత బోర్డుకు అడుగున బరువు కట్టాలి, చక్రాల కుర్చీ వెళ్లేంత దారి వదలాలి. 1.2 మీటర్ల కన్నా తక్కువ వదిలితే ఇబ్బందే. స్థానిక నిబంధన ఇంకా ఎక్కువ అడగవచ్చు, అనుమతి ముందే తీసుకోవాలి.

1994లో జపాన్‌లో డెన్సో కంపెనీ తయారుచేసిన క్యూఆర్ కోడ్ చవకైన సాధనం, కానీ కొలతలు తప్పితే పనిచేయదు. చదివే దూరంలో పదో వంతు వెడల్పు ఉండాలి. చేతిలో కాగితానికి 25 మిల్లీమీటర్లు, రెండు మీటర్ల దూరం నుంచి చూసే బోర్డుకు 20 సెంటీమీటర్లు. చుట్టూ నాలుగు చిన్న గళ్లంత తెల్ల అంచు తప్పనిసరి, డిజైన్ అందం కోసం దాన్ని తినేస్తే ఫోను గుర్తుపట్టదు. లోపాలను సరిదిద్దుకునే స్థాయి ఎం అయితే 15 శాతం, క్యూ అయితే 25 శాతం చెడినా చదవగలదు. ఎండావానల్లో ఉండే బోర్డుకు క్యూ. అచ్చయ్యాక కూడా లింకు మార్చుకోనిచ్చే, నెలనెలా రుసుముతో నడిచే కోడ్‌లతో జాగ్రత్త. రుసుము ఆగిన రోజున అచ్చయిన కాగితాలేవీ ఎక్కడికీ తీసుకెళ్లవు. సొంత డొమైన్‌లో చిన్న లింకు పెట్టుకోవడమే భద్రం.

ఇంటర్నెట్‌లో

ఇక్కడ డబ్బుకు ముందు శ్రద్ధ పెట్టాలి. 24 దుకాణాలకూ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో దుకాణం వివరాలు చూపే పేజీ) ఉందో లేదో, వేళలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి ఒక మధ్యాహ్నం చాలు. అది ఉచితం. స్థానిక ఫలితాల వరుసను సంబంధం, దూరం, ప్రాముఖ్యం అనే మూడింటి మీద నిర్ణయిస్తామని గూగులే చెబుతుంది. దుకాణం పేరులో అదనపు పదాలు ఇరికిస్తే ప్రొఫైల్ నిలిపివేతకు గురికావచ్చు. బోర్డు మీదున్న పేరే రాయాలి. డబ్బు పెట్టి గూగుల్ యాడ్స్ వేస్తే ప్రాంతం సెట్టింగును తప్పక మార్చాలి. మొదటే ఉండే ఎంపిక ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లతో పాటు ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవాళ్లకూ ప్రకటన చూపిస్తుంది. అక్కడ ఉన్నవాళ్లకే అన్న ఎంపికకు మార్చకపోతే ఎక్కడో ఉండి ఆ ఊరి పేరు వెతికినవాళ్ల క్లిక్కులకు డబ్బు పోతుంది.

మొత్తం ఖర్చును వంద పాళ్లు చేస్తే ఈ నమూనాలో అచ్చుకు 45, పంపకానికి 20, రాయడానికి, డిజైనుకు 12, బోర్డులకు 13, ఇంటర్నెట్‌కు 5, తప్పులు దిద్దుకోవడానికి 5. చివరి 5 పాళ్లను ముందే ఖర్చు పెట్టేయాలన్న ఒత్తిడి వస్తుంది. ఒక తప్పు నంబరు పడితే స్టిక్కర్లు అచ్చు వేయించాల్సింది దాంట్లోనే.

కంపెనీల సరుకు అమ్మే దుకాణాలు ప్రకటన వాటా కోసం ఆ కంపెనీలను అడగాలి. చాలా తయారీదారులు డీలరు కొనుగోళ్లలో కొంత శాతాన్ని స్థానిక ప్రచారానికి జమ చేస్తారు. లోగో సైజు, ముందస్తు ఆమోదం, అచ్చయిన కాగితం ప్రతి, బిల్లు, గడువు అనే షరతులుంటాయి. ఆమోదం ప్రెస్‌కు పంపకముందే తీసుకోవాలి, తర్వాత అడిగితే రాదు.

చేరనివాళ్ల సంగతి

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, వీధికి జనం వస్తే డబ్బు కట్టనివాళ్లకూ గిరాకీ వస్తుంది. కట్టినవాళ్లకు ఇది మండుతుంది, సంఘాలు విడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కెనడాలోని టొరంటో నగరంలో బ్లూర్ వెస్ట్ విలేజ్ వర్తకులు దీనికి చట్టంతో పరిష్కారం కనుగొన్నారు. 1970లో అక్కడ ఏర్పడిన వ్యాపార అభివృద్ధి ప్రాంతాన్ని ప్రపంచంలో మొదటిదిగా చెబుతారు. ఆ హద్దులోని వ్యాపారాలన్నీ పన్నుతో పాటు కొంత రుసుము కట్టాలి, దాన్ని వీధి బాగుకే ఖర్చు చేస్తారు. అలాంటి చట్టం లేనిచోట ఒత్తిడి చేయడం వల్ల శత్రుత్వమే మిగులుతుంది. నాలుగో పేజీ పట్టికలో వాళ్ల పేరు ఉంచి, గడిని మాత్రం కట్టినవాళ్లకే ఇవ్వడం న్యాయమైన మధ్యేమార్గం.

కాగితంతో తీరనివి కూడా ఉంటాయని ముందే ఒప్పుకోవాలి. అమెరికాలో నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ 1977లో గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు పట్టణాల్లో ప్రధాన వీధుల మీద ప్రయోగం మొదలెట్టింది. దాని ఆధారంగా 1980లో నేషనల్ మెయిన్ స్ట్రీట్ సెంటర్ ఏర్పడింది. ఆ పద్ధతిలో నాలుగు అంశాలున్నాయి: సంఘటితం కావడం, ప్రచారం, వీధి రూపం, ఆర్థిక బలం. ప్రచారం నాలుగింటిలో ఒకటి. దీపాలు వెలగని వీధికి, సాయంత్రం ఆరింటికే షట్టర్లు దించే దుకాణాలకు జనాన్ని పిలిస్తే ఒకసారి వచ్చి చూసి వెళ్తారు.

పన్నెండో వారం ముగియగానే 24 గల్లా పట్టికలూ ఒకచోట చేర్చి ప్రతి దుకాణం తన గీత దాటిందో లేదో యజమానికి విడిగా చెప్పాలి, అందరి ముందు చదవకూడదు. అమ్మకాల అంకెలు పక్కవాళ్లకు తెలుస్తాయంటే రెండోసారి ఎవరూ నిజం రాయరు. గీత దాటనివాళ్లతో ముందు చూడాల్సింది మూడు సంచికల్లోనూ వాళ్లు ఏ వస్తువు పెట్టారన్నది. మూడుసార్లు మూడు వస్తువులు పెట్టి ఉంటే తర్వాతి విడతలో ఒకే వస్తువును మూడుసార్లు పెట్టించి చూడాలి. ఒకే వస్తువు మూడుసార్లు పెట్టినా రాకపోతే వాటా తీసుకోకుండా నాలుగో పేజీ పట్టికలో పేరు మాత్రం ఉంచి, ఆ గడిని చేరని 8 దుకాణాల్లో ఒకరికి ఇవ్వాలి. రెండో విడత మొదటి సంచిక విషయం చేతికి రావాల్సిన తేదీ ఆ సమావేశంలోనే ఖరారు కావాలి.